మద్రాసు హైకోర్టును నిలదీసిన జిల్లా జడ్జి

1877లో మద్రాసు హైకోర్టు మురుగాయి వర్సెస్ వీరమకాళి అనే వ్యాజ్యంలో ఒక తీర్పు ఇచ్చింది. కక్షిదారులు దక్షిణ తమిళ జిల్లాల మరవర్ కులస్థులు. ఆ కులంలో భర్త పోయిన స్త్రీ మళ్లీ పెళ్లి చేసుకోవడం తప్పు కాదు, తరతరాల ఆచారం. అయినా, మారు పెళ్లి చేసుకున్న వితంతువుకు మొదటి భర్త ఆస్తిపై హక్కు నిలవదని హైకోర్టు తేల్చింది. ఇటువంటి తీర్పుల వెనక ఉన్న తర్కం స్మృతులది. భార్య భర్త దేహంలో సగం, ఆ సగం బతికి ఉన్నంతకాలం ఆస్తిని అనుభవిస్తుంది, మరొకరికి భార్య కాగానే ఆ సగం లేకుండా పోతుంది. వితంతువుకు మళ్లీ పెళ్లే లేదని నమ్మిన సమాజం కోసం అల్లిన తర్కాన్ని, ఆ పెళ్లిని వింతగా ఎన్నడూ చూడని సమాజం నెత్తిన పెట్టారు.

అదే 1877లో, అదే మద్రాసులో ఒక పుస్తకం వెలువడింది. ‘మద్రాసు హైకోర్టు అమలు చేస్తున్న హిందూ ధర్మశాస్త్రంపై ఒక పరిశీలన’ అని దాని పేరును తెలుగులో చెప్పుకోవచ్చు. రాసినవాడు జేమ్స్ హెన్రీ నెల్సన్. ఆయన కింది కోర్టులో జిల్లా జడ్జి. తన తీర్పులపై అప్పీళ్లు ఏ హైకోర్టుకు వెళతాయో, ఆ హైకోర్టు పదిహేనేళ్లుగా చెబుతున్న హిందూ ధర్మశాస్త్రం అసలు లోకంలో ఎన్నడైనా ఉండేదా అని పుస్తకం మొదట్లోనే అడిగాడు. న్యాయశాస్త్రం తెలియని సంస్కృత పండితులూ సంస్కృతం తెలియని న్యాయవాదులూ కలిసి ఊహించుకున్న భ్రమ కాదు గదా ఇది అని ఎత్తిపొడిచాడు. వలస ప్రభుత్వ కొలువులో ఉంటూ పై న్యాయస్థానాన్ని అచ్చులో ఇలా నిలదీసినవారు అరుదు.

మన విశ్వవిద్యాలయాల్లో విలియం జోన్స్ పేరు వినని చరిత్ర విద్యార్థి ఉండడు. నెల్సన్ పేరు విన్నవారు మాత్రం న్యాయశాస్త్ర విభాగాల్లోనూ తక్కువే. కుల ప్రశ్న వైపు నుంచి చూస్తే ఇది యాదృచ్ఛికం కాదనిపిస్తుంది. జోన్స్ మనకు మనువును ఇంగ్లీషులో ఇచ్చాడు. ఆ మనువు ఎవరికి వర్తిస్తాడని అడిగినవాడు నెల్సన్.

నెల్సన్ 1838లో పుట్టాడు. కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీలో చదివి మద్రాసు సివిల్ సర్వీసులో చేరాడు. మదురై ప్రాంతంలో పనిచేస్తున్నప్పుడు ప్రభుత్వ ఆదేశంపై ఆ జిల్లా సమగ్ర చరిత్ర రాశాడు. 1868లో ‘మదుర కంట్రీ’ పేరుతో వచ్చిన ఆ గ్రంథం మద్రాసు రాష్ట్రపు జిల్లా మాన్యువళ్లలో తొలితరానికి చెందినది. దానికోసం కులాలు, వృత్తులు, పెళ్లిళ్లు, పాళెగాళ్ల వంశాలు, గుళ్లు, భూమి హక్కులు అన్నీ పరిశీలించవలసి వచ్చింది. అంటే న్యాయపీఠం మీద కూర్చోకముందే ఆయనకు కళ్లర్లు, మరవర్లు, వెల్లాళర్లు, శాణార్లు ఎలా పెళ్లిళ్లు చేసుకుంటారో, ఎలా విడిపోతారో, ఆస్తి ఎలా పంచుకుంటారో తెలుసు. ఇది ముఖ్యమైన విషయం. ఆయన తిరుగుబాటుకు ప్రజాస్వామ్య ఆదర్శం కారణం కాదు. కళ్లతో చూసిన జీవితానికీ కోర్టులో చదవవలసి వచ్చిన శాస్త్రానికీ పొంతన కుదరకపోవడమే కారణం.

ఆ శాస్త్రం కోర్టులోకి ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1772లో వారెన్ హేస్టింగ్స్ వారసత్వం, వివాహం, కులం వంటి విషయాల్లో హిందువులకు శాస్త్రాలనూ ముస్లింలకు ఖురానునూ వర్తింపజేయాలని నిర్ణయించాడు. హిందువులు అంటే శాస్త్రం, శాస్త్రం అంటే సంస్కృతం, సంస్కృతం అంటే బ్రాహ్మణ పండితులు అనే సమీకరణం అక్కడ మొదలైంది. 11 మంది పండితులు కూర్చిన సంగ్రహాన్ని పారసీకంలోకీ, అక్కడి నుంచి ఇంగ్లీషులోకీ దించి 1776లో హాల్హెడ్ అచ్చు వేయించాడు. 1783లో కలకత్తా సుప్రీంకోర్టు జడ్జిగా వచ్చిన జోన్స్ పండితుల దయాదాక్షిణ్యాల మీద ఆధారపడటం ఇష్టం లేక తానే సంస్కృతం నేర్చుకున్నాడు. ఆయనకు నేర్పిన రామలోచనుడు వైద్య కులస్థుడు, బ్రాహ్మణుడు కాడు. పండితుల గుత్తాధిపత్యంపై జోన్స్‌కు ఉన్న అనుమానం మాత్రం గ్రంథంపై అనుమానంగా ఎన్నడూ మారలేదు. 1794లో ఆయన మనుస్మృతి అనువాదం వచ్చింది, ఆ ఏడాదే ఆయన మరణించాడు. 1810లో కోల్‌బ్రూక్ మితాక్షరంలోని దాయభాగ ప్రకరణాన్ని అనువదించాడు. ఇక బెంగాలు వెలుపల ఏ కోర్టులోనైనా అదే ప్రమాణం.

1864లో కోర్టు పండితుల పదవులను రద్దు చేశారు. ఇది సంస్కరణలా కనిపిస్తుంది. పండితుడు ఉన్నప్పుడు కనీసం ప్రాంతాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి సర్దుబాటు చేసి చెప్పే అవకాశం ఉండేది. అతడు వెళ్లిపోయాక మిగిలినవి రెండు మూడు ఇంగ్లీషు అనువాదాలు, వాటి మీద ఇచ్చిన తీర్పులు, ఆ తీర్పులను పట్టుకుని ఇచ్చిన మరిన్ని తీర్పులు. గ్రంథం ఒకసారి పూర్వ నిర్ణయంగా మారితే ఇక కదలదు. బ్రాహ్మణులు చేయలేని పనిని, అంటే ధర్మశాస్త్రాన్ని అన్ని కులాలకూ ఒకే కత్తితో వర్తింపజేయడాన్ని, బ్రిటిష్ కోర్టు చేసి చూపింది.

నెల్సన్ తన పుస్తకంలో హైకోర్టు నమ్ముకున్న 15 తప్పుడు సూత్రాలను వరుసపెట్టి ఖండించాడు. అన్నింటినీ ఇక్కడ చెప్పనక్కరలేదు. ఒకటి మాత్రం చూడాలి. కోర్టు ఎన్నడూ గుర్తించని ఆచారం, స్పష్టమైన శాస్త్ర ప్రమాణం ముందు నిలవదన్నది ఆ సూత్రం. ఇందులోని మెలిక గమనించండి. ఒక ఆచారాన్ని కోర్టు గుర్తించాలంటే అంతకుముందే కోర్టు గుర్తించి ఉండాలి! కోర్టు మెట్లెక్కని కులానికి కోర్టు రికార్డులో ఆచారమే ఉండదు. రికార్డులో ఆచారం లేదు గనుక దానికి మితాక్షరమే చట్టం. నిరక్షరాస్యుల సామాజిక జీవితాన్ని చెరిపివేయడానికి ఇంతకంటే చక్కటి యంత్రం మరొకటి ఉండదు.

నిజానికి అప్పటి చట్టం అలా చెప్పలేదు. 1873 నాటి మద్రాసు సివిల్ కోర్టుల చట్టం 16వ సెక్షన్ హిందువులకు హిందూ లాను వర్తింపజేయమంటూనే, కక్షిదారులకు చట్టబలం గల ఆచారం ఉంటే దానికీ చోటిచ్చింది. అంతకు ఐదేళ్ల ముందు, 1868లో రామనాథపురం సంస్థానపు దత్తత వివాదంలో ప్రీవీ కౌన్సిలే, స్పష్టంగా రుజువైన ఆచారం లిఖిత శాస్త్రం కంటే బలమైనదని చెప్పింది. ఆ మాటను మన న్యాయవాదులు ఈనాటికీ వల్లిస్తారు. కానీ ఆ కేసులో జరిగిందేమిటి? సేతుపతులు మరవర్లు. మరవ సంస్థానాధీశుడి వితంతువు దత్తత తీసుకోవచ్చా అన్న ప్రశ్నకు జవాబు కోసం లండన్‌లోని న్యాయమూర్తులు స్మృతిచంద్రికను, పరాశర మాధవీయాన్ని తిరగేశారు.

దీని వింత హైకోర్టు న్యాయమూర్తులకు తెలియదనుకోకూడదు. 1871లో శివగంగ జమీందారీ వ్యాజ్యంలో న్యాయమూర్తి హాలోవే ఒక మాట ఒప్పుకున్నాడు. ఈ మరవర్లకు హిందూ ధర్మశాస్త్ర సిద్ధాంతాలను తగిలించడం వికృతమైన అసంబద్ధత అనీ, యూరపు ఫ్యూడల్ భూచట్టాన్ని తగిలించినా ఇంతే సమంజసంగా ఉంటుందనీ, అయితే ఇంత ఆలస్యమయ్యాక చేయగలిగింది లేదనీ ఆయన అభిప్రాయం. తప్పని తెలుసు, ఆలస్యమైంది గనుక కొనసాగిస్తాం! హాలోవే ఈ మాటను విచారంతోనే అన్నాడని నేను నమ్ముతాను. కానీ వలస న్యాయవ్యవస్థ ఆత్మకథను ఒక్క వాక్యంలో రాయమంటే ఇంతకంటే ఏమీ రాయలేం.

నెల్సన్ వాదన తమిళ దేశానికే పరిమితం కాదు, మద్రాసు రాష్ట్రపు తెలుగు జిల్లాలకూ అంతే వర్తిస్తుంది. మన భాషలోని నాలుగు మాటలు తీసుకోండి. ఓలి, మారుమనువు, ఇల్లరికం, విడాకులు. నాలుగూ అచ్చ తెలుగు మాటలు. నాలుగూ కుటుంబ చట్టానికి సంబంధించినవే. ఒక్కదానికీ శాస్త్రం నుంచి పుట్టిన పేరు లేదు. పెళ్లికూతురి పుట్టింటికి ఇచ్చే ఓలిని మనువు నిందించాడు. మారుమనువును, విడాకులను ఒప్పుకోడు. ఇక ఇల్లరికపు అల్లుడికి కొడుకుతో సమానంగా ఆస్తి ఇవ్వడం మితాక్షరంలో ఎక్కడా లేదు. ఒక జాతి తన పెళ్లిని, విడిపోవడాన్ని, ఆస్తిని చెప్పుకోవడానికి సొంత మాటలు చేసుకున్నదంటే, దానికి సొంత చట్టం ఉన్నట్టే గదా.

వీటిలో ఇల్లరికం కోర్టులో బతికి బయటపడింది. 1881లో హనుమంతమ్మ వర్సెస్ రామిరెడ్డి కేసులో మద్రాసు హైకోర్టు బళ్లారి, కర్నూలు ప్రాంతాల మోటాటి కాపుల ఇల్లరికపు ఆచారాన్ని గుర్తించింది. అదే ఏడాది డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించాడు. ఆ సాహసాన్ని తక్కువ చేయనక్కరలేదు. కానీ మన పాఠ్యపుస్తకాలు దాన్ని తెలుగు సమాజంలో వితంతు వివాహపు ఆరంభంగా రాస్తాయి. అప్పటికి తెలుగు నేలపై మెజారిటీ కులాల వితంతువులు శతాబ్దాలుగా మారుమనువులు ఆడుతూనే ఉన్నారు. వారి కోసం అంటూ వచ్చిన 1856 చట్టమే రెండో సెక్షన్లో, మళ్లీ పెళ్లాడిన స్త్రీ మొదటి భర్త ఆస్తి విషయంలో చనిపోయినదానితో సమానమని చెప్పింది. అగ్రకుల స్త్రీకి కొత్తగా ఇచ్చిన హక్కు, కింది కులాల స్త్రీకి ఉన్న హక్కును పోగొట్టే సాధనమైంది. అలహాబాదు హైకోర్టు మాత్రం 1889లో హర్‌శరణ్ దాస్ కేసులో, ఆచారం ప్రకారం ముందునుంచీ మారుపెళ్లి హక్కు ఉన్న కులాలకు ఈ నష్టం వర్తించదన్నది. మద్రాసు అలా అనుకోలేదు. చట్టం ఒకటే, వితంతువు గంగా మైదానంలో ఉంటే బతికున్నట్టు, కావేరి ఒడ్డున ఉంటే చనిపోయినట్టు.

నెల్సన్ అక్కడితో ఆగలేదు. 1881లో హిందూ ధర్మశాస్త్రపు శాస్త్రీయ అధ్యయనానికి ప్రణాళిక వంటి మరో పుస్తకం, 1887లో భారతీయ ఆచారాలు, మద్రాసులో జడ్జీలు చేసిన చట్టం గురించి ఇంకొకటి రాశాడు. హైకోర్టుకు కోపం వచ్చింది. న్యాయమూర్తి ఇన్నెస్ 1882లో గవర్నర్ గ్రాంట్ డఫ్‌ను ఉద్దేశించిన లేఖ రూపంలో నెల్సన్ అభిప్రాయాలను ఖండిస్తూ పుస్తకమే ప్రచురించాడు. ఒక జిల్లా జడ్జి వాదాన్ని ఖండించడానికి హైకోర్టు న్యాయమూర్తి గవర్నర్‌కు బహిరంగ లేఖ రాయవలసి వచ్చిందంటే దెబ్బ ఎక్కడ తగిలిందో ఊహించవచ్చు. ఇన్నెస్ వాదన కొట్టిపారేయదగినదేమీ కాదు. బ్రాహ్మణ ప్రభావం దక్షిణాదిలో ఎప్పటినుంచో ఉంది, కోర్టు తీర్పుల మీద ఆధారపడి ఆస్తులు చేతులు మారాయి, ఇప్పుడు కదిలిస్తే అందరి హక్కులూ కదులుతాయన్నది దాని సారం.

మొదటి అంశంలో కొంత నిజముంది. దానికి సాక్ష్యం తెలుగులోనే ఉంది. 13వ శతాబ్దంలో, తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన మితాక్షరాన్ని ఆధారం చేసుకుని తెలుగు పద్యాల్లో ‘విజ్ఞానేశ్వరీయము’ రాశాడు. ధర్మశాస్త్రం దక్షిణాదిలో ఎవరికీ తెలియనిదని నెల్సన్ తేల్చేయడం అతిశయోక్తి. కానీ ఆ కావ్యం రాజాస్థానంలో తీర్పు చెప్పేవారికి ఉపయోగపడి ఉండవచ్చు గాని, కూతురికి మారుమనువు చేసే రైతు దాన్ని అడిగి చేసి ఉండడు. తెలిసి ఉండటం వేరు, శాసించడం వేరు.

నెల్సన్‌కు ముందు ఈ దారిలో ఒకడుగు వేసిన మరో జడ్జి తెలుగు నేలకు సంబంధించినవాడే. 1806లో మచిలీపట్నం జిల్లా జడ్జిగా నియమితుడైన ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, 1816లో క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన వివరణలో తెలుగు సంస్కృతజన్యం కాదని నిరూపించాడు. దక్షిణాది ధర్మశాస్త్ర గ్రంథాలు బెంగాలువి కావని కూడా చెప్పాడు. భాష విషయంలో ఎల్లిస్ గెలిచాడు, ఆ గెలుపు మీద ఒక ద్రావిడ రాజకీయమే లేచింది. చట్టం విషయంలో నెల్సన్ ఓడిపోయాడు.

అయితే నెల్సన్‌ను బహుజన పక్షపాతిగా నిలబెట్టే పొరపాటు చేయకూడదు. ఆయన వాదనకు పునాది జాతి సిద్ధాంతం. బ్రాహ్మణులు ఆర్యులు, మిగిలినవారు వేరే జాతి, వారు హిందువులే కారు అనే విభజనను ఆ కాలపు యూరపు మానవశాస్త్రం నుంచి తెచ్చుకున్నాడు. కింది కులాలకు తమ చట్టం ఉండాలన్నాడే గాని, సమానమైన హక్కు ఉండాలని అనలేదు. మరో మౌనం కూడా ఉంది. ఇల్లరికాన్ని రుజువు చేయడానికి కాపులకు భూమి ఉంది, సాక్షులున్నారు, వకీళ్లున్నారు. వ్యాజ్యమాడటానికి సెంటు భూమి లేని మాల మాదిగల ఆచారం ఈ గ్రంథాల్లో ఎక్కడ ఉంది? హిందూ లా నివేదికలన్నీ ఆస్తి ఉన్నవారి కథలు. వాటిని విమర్శించిన నెల్సన్ పుస్తకాలు కూడా ఆ పరిధి దాటలేదు.

ఇక ఆచారం అన్న మాట ఎటు తిప్పితే అటు తెగే కత్తి. 1897లో రామనాథపురం సంస్థానంలోని కముది ఆలయంలో నాడార్లు ప్రవేశించారు. సేతుపతి రాజు కోర్టుకు వెళ్లాడు. అనాదిగా ఉన్న ఆచారం ప్రకారం నాడార్లకు ప్రవేశం లేదన్న వాదన గెలిచింది, 1908లో ప్రీవీ కౌన్సిల్ దాన్ని ఖాయం చేసింది. మరవర్లకు ధర్మశాస్త్రం తగిలించడం అసంబద్ధమని హాలోవే అన్నాడే, ఆ మరవ రాజవంశమే ఆచారాన్ని చూపి మరో శూద్ర కులాన్ని గుడి బయట నిలబెట్టింది. మరి కొన్ని దశాబ్దాలకు మరవర్లలోనే కొన్ని సమూహాలను ప్రభుత్వం నేరజాతుల చట్టం కింద చేర్చింది. సంస్థానానికి స్మృతిచంద్రిక, సామాన్యుడికి పోలీసు రిజిస్టరు.

ఆచారాన్ని రాసిపెట్టిన చోట ఏమైందో పంజాబు చెబుతుంది. అక్కడ 1872 చట్టం ఆచారానికే మొదటి స్థానం ఇచ్చింది. అధికారులు ఊరూరా తిరిగి పెద్దమనుషులను అడిగి ఆచారాలను నమోదు చేశారు. అడిగింది మగవారిని, భూమి గలవారిని. రాసుకున్నది వారు చెప్పినదాన్ని. కూతుళ్లకు భూమి దక్కకపోవడం అలా ఆచారంగా గట్టిపడింది. నెల్సన్ కోరినట్టు మద్రాసులో ఆచారాల విచారణ జరిగి ఉంటే ఫలితం ఇంతకంటే మెరుగ్గా ఉండేదని నేను ప్రమాణం చేయలేను.

ఈ చిక్కుముడిని సరిగ్గా పట్టుకున్నవాడు అంబేడ్కర్. హిందూ కోడ్ బిల్లు చర్చల్లో విడాకులు హిందూ ధర్మానికి విరుద్ధమని సభ్యులు గోల చేసినప్పుడు, హిందువుల్లో 90 శాతం శూద్రులేననీ, వారిలో విడాకుల ఆచారం ఉండనే ఉందనీ, దేశానికి 90 శాతం మంది చట్టం కావాలా 10 శాతం మంది చట్టం కావాలా అనీ ఆయన అడిగాడు. నెల్సన్ తెలిసినా తెలియకపోయినా, ఇది నెల్సన్ ప్రశ్నే. తేడా ఒక్కటే. నెల్సన్ ఎవరి ఆచారం వారికి వదిలేయమన్నాడు. అంబేడ్కర్ కింది కులాల ఆచారంలోని స్వేచ్ఛను తీసి అందరికీ హక్కుగా మార్చమన్నాడు. వారసత్వంలో ఆచారాన్ని తోసిరాజనీ, విడాకుల్లో ఆచారాన్ని నిలిపీ, 1955, 56 నాటి చట్టాలు సగం ఆ దారిలో నడిచాయి. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారపు విడాకులను కాపాడింది. షెడ్యూల్డు తెగలకు ఆ చట్టం వర్తించదని రెండో సెక్షనే చెప్పింది. 1856 నాటి వితంతు చట్టాన్ని మాత్రం 1983 దాకా ఎవరూ రద్దు చేయలేదు.

కాపాడింది అన్నాను గాని, ఎంతవరకు? ఆచారం అంటే చిరకాలంగా, నిరంతరాయంగా, ఏకరూపంగా పాటిస్తున్నది అని అదే చట్టం మూడో సెక్షన్ నిర్వచనం. యమనాజీ జాదవ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు ఆచారపు విడాకులను ప్రత్యేకంగా పేర్కొని రుజువు చేయాలని చెప్పింది. న్యాయపరంగా దీన్ని తప్పు పట్టలేం. కానీ రుజువు భారం ఎవరి మీద పడుతున్నది? రిజిస్టర్లు, శాసనాలు, గ్రంథాలు ఉన్న కులాల సంప్రదాయాన్ని న్యాయస్థానం తెలిసిన విషయంగా తీసుకుంటుంది. కుల పెద్దల సమక్షంలో విడిపోయిన స్త్రీ మాత్రం తన కులంలో అలా జరుగుతుందని సాక్షులను పట్టుకుని నిరూపించుకోవాలి. ఉమ్మడి పౌరస్మృతి గురించి నడుస్తున్న చర్చలో హిందువులకు ఎప్పటినుంచో ఒకే చట్టం ఉన్నట్టు మాట్లాడేవారు ఈ భేదాన్ని చూడటం లేదు. 2024లో ఉత్తరాఖండ్ చేసిన చట్టం షెడ్యూల్డు తెగలను మినహాయించిందంటే, ఆ ఏకరూపతపై దాన్ని రాసినవారికే పూర్తి నమ్మకం లేదన్నమాట.

రెండేళ్ల కిందట నెల్సన్ గురించి తరగతిలో చెప్పినప్పుడు వెనక వరుసలోని ఒక విద్యార్థిని పాఠం అయ్యాక నా గదికి వచ్చింది. వాళ్లమ్మకు మొదటి పెళ్లి రద్దయింది ఊళ్లో కుల పెద్దల ముందు, ఇరవై రూపాయల స్టాంపు కాగితం మీద. తరవాత వాళ్ల నాన్నను పెళ్లి చేసుకుంది. నాన్న ప్రభుత్వ కొలువులో ఉంటూ చనిపోయాడు. కుటుంబ పింఛను కోసం వెళితే మొదటి పెళ్లి రద్దయినట్టు కోర్టు డిక్రీ తెమ్మన్నారు. ఆ స్టాంపు కాగితాన్ని ఆమె ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చింది. ఆరుగురి వేలిముద్రలు, రెండు సంతకాలు ఉన్నాయి. వేలిముద్రలు వేసినవారిలో నలుగురు చనిపోయారట. మిగిలిన ఇద్దరినీ సాక్ష్యానికి పిలవమని వకీలు చెప్పాడని, వాయిదా వచ్చే నెలలో ఉందని చెప్పి, ఆ కవరును మళ్లీ పుస్తకంలో పెట్టుకుని వెళ్లింది.